ముప్ఫై నాలుగు గుడ్డ చేపలు

రెండు వేల ఆరో సంవత్సరం, జూన్ నెల. రేపల్లె నుంచి బస్సెక్కితే, ఇక రోడ్డు అయిపోయింది దిగండమ్మా అనే చోట ఓ చేపల పల్లె ఉంది. దాని అవతల మడచెట్లు, పాయ, ఆ పైన సముద్రం. ఆ ఊరి బళ్ళో నేను విద్యా వాలంటీరుగా చేరి అప్పటికి మూడేళ్ళు. విద్యా వాలంటీరంటే అసలు టీచరు కాదు. టీచర్లు చాలని బళ్ళల్లో ఏ ఏటికాయేడు పెట్టుకునే సాయం టీచరు. ఏప్రిల్లో ఇంక వెళ్ళిరామ్మా అంటారు, జూన్‌లో మళ్ళీ పిలుస్తారు. పిలిచేదాకా మనం గుమ్మంలో కూర్చోవడమే.

నాది పెద్ద చదువు కాదు. తెనాల్లో పదో తరగతి రెండోసారికి గట్టెక్కాను. ఆ ఊరు అంత దూరం అని పై చదువులవాళ్ళెవరూ రానంటే నాకిచ్చారు. బడి అంటే ఒకటే హాలు, ముందు వరండా. హాల్లో అటువైపు హెడ్ సారు నాలుగూ ఐదూ తరగతులు చెప్పేవారు. ఆయన బాపట్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. ఇటువైపు ఒకటీ రెండూ మూడూ నావి. మధ్యలో గోడ లేదు. ఆయన ఎక్కాలు, నా వైపు అక్షరాలు, రెండూ కలిసి పైకప్పుకి కొట్టుకునేవి.

చదువు తక్కువైనా నాకో పిచ్చి ఉంది, గుడ్డ ముక్కల పిచ్చి. మా అబ్బాది, అంటే మా నాన్నది, తెనాల్లో దర్జీ కొట్టు. నేను ఆయన మిషను కింద కూర్చుని పెరిగాను. కటింగులో రాలిపోయిన ముక్కలు ఏరుకుని, దారం గుచ్చుకుని, చిలకలు, ఏనుగులు, చేతిసంచులు ఏవో కుట్టేదాన్ని. పెళ్ళయి రేపల్లె వచ్చాక కూడా ఆ పిచ్చి పోలేదు. మా ఆయన, "నువ్వు బడికి పోతున్నావా, బట్టల కొట్టుకు పోతున్నావా?" అనేవాడు, నా సంచి చూసి.

బడి తెరిచే రోజులు ఎలా ఉంటాయో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు. సెలవుల్లో హాలు నిండా గబ్బిలాల రెట్ట. నల్లబల్ల తెల్లబారి ఉంటుంది. బొగ్గు నూరి, ఆకు పసరు కలిపి మళ్ళీ పుయ్యాలి. పిల్లలు రెండు నెలలు ఎండలో ఆడి ఆడి, నేర్చుకున్న అక్షరాలు పాయలో కలిపేసి వస్తారు. కొత్తగా చేరిన చిన్నవాళ్ళు గుమ్మం దగ్గరే ఏడుపు. పైగా ఆ ఊళ్ళో జూన్ అంటే ఇంకో సంగతి. ఏప్రిల్ మధ్య నుంచి మే ఆఖరుదాకా సముద్రంలో ఇంజను బోట్లకు వేట ఆపేస్తారు, చేపలు పిల్లలు పెట్టే కాలమని. జూన్ రాగానే బోట్లన్నీ ఒక్కసారి పోతాయి. చేపలొస్తే ఏరడానికి, ఎండబెట్టడానికి చేతులు కావాలి. ఆడపిల్లల చేతులు మొదట గుర్తొస్తాయి. జూన్‌లో ఎండు చేపల దిబ్బకు పోయిన పిల్ల జూలైలో బడికి రాదు. నేను వచ్చిన మొదటి ఏడే లక్ష్మి అనే పిల్ల అలా మానేసింది. దాని చెల్లెలే దుర్గ. ఈ కథంతా ఆ దుర్గది.

బాపట్లలో మాకు ట్రైనింగు ఇచ్చినప్పుడు టీఎల్ఎం అని ఒకటి చెప్పారు. పాఠం చెప్పడానికి మన చేత్తో చేసుకునే బొమ్మలు, అట్టలు, గింజలు, పుల్లలు, అన్నిటికీ కలిపి ఆ పేరు. అక్కడొక మేడమ్ గారు కాయితం పూలు చేసి, ఒక్కో పూవు మీద ఒక్కో పిల్ల పేరు రాసి, గోడకు తోటలాగా అంటించి చూపించారు. బడికి వచ్చిన మొదటి రోజే బిడ్డ తన పేరు గోడ మీద చూసుకోవాలి, ఇది నా చోటు అనుకోవాలి అన్నారు. ఆ మాట నా మనసులో పడిపోయింది. కానీ ఉప్పు గాలికి పూలమొక్క బతకని ఊళ్ళో పూలేంటి? మా పిల్లలకు తెలిసింది చేపలు. చేపలే చేద్దాం అనుకున్నాను.

మే నెల్లో తెనాలి పుట్టింటికి వెళ్ళి కూర్చున్నాను. అబ్బా ముక్కల మూట నా ముందు కుమ్మరించాడు. చొక్కాల గుడ్డ, పరికిణీల గుడ్డ, లైనింగులు. ఆకులాగా రెండు ముక్కలు కత్తిరించి, లోపల పీలికలు కుక్కి, వెనక మూడు మూలల ముక్క తోకలాగా తగిలించి, ఒంటి మీద గొలుసు కుట్టుతో పిల్ల పేరు. ముప్ఫై నలుగురు పిల్లలు, ముప్ఫై నాలుగు చేపలు.

"కంటికేం పెడతావే?" అన్నాడు అబ్బా.

"నల్ల దారం ముడేస్తాను."

"ముడేస్తే గుడ్డి చేపవుద్ది. ఇదిగో," అని విడి గుండీల డబ్బా నా ఒళ్ళో పెట్టాడు. "జత దొరకని గుండీలు. నీ చేపలకు ఒక్కో కన్నేగా కావాల్సింది."

వాటిని బియ్యం సంచిలో పోసుకుని తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజరెక్కాను. పక్కనున్న ముసలావిడ, "ఏంటమ్మా సంచిలో?" అంది. "చేపలండి," అన్నాను. ఆవిడ కాసేపు ముక్కు ఎగబీల్చి, "మంచి చేపలే, వాసన లేదు," అని అటు తిరిగింది.

చేపలయ్యాయి. ఇంక వాటికో వల కావాలి కదా అని నేనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. బడి తెరవడానికి ముందురోజు హాలు కడగడానికి వెళ్తే దుర్గ కనపడింది. ఎనిమిదేళ్ళ పిల్ల, మూడో తరగతికి వచ్చింది. "మీ ఇంట్లో పాత వల ముక్క ఉందా అమ్మా?" అన్నాను. పరిగెత్తుకుంటూ పోయి తెచ్చింది. వాళ్ళ నాన్నది, చిరిగితే పక్కన పడేసిందట. దాన్ని నా వైపు గోడకు మేకులు కొట్టి చక్కగా పరిచాను.

పద్ధతి ఇదీ: చేపలన్నీ గుమ్మం దగ్గర బుట్టలో ఉంటాయి. పొద్దున రాగానే ఎవరి చేపను వాళ్ళు, పేరు చదువుకుని వెతుక్కోవాలి. తీసుకెళ్ళి వలలో వెయ్యాలి. వలలో పడ్డవాళ్ళు వచ్చినట్టు, బుట్టలో మిగిలినవాళ్ళు రానట్టు. హాజరూ అయిపోతుంది, అక్షరాలూ గుర్తొస్తాయి.

సోమవారం బడి తెరిచాం. ఎంత సందడనుకున్నారు! ఏడుస్తూ వచ్చినవాళ్ళు కూడా బుట్ట చూడగానే ఏడుపు మర్చిపోయారు. "నాదేది టీచరమ్మా, నాదేది?" దుర్గ తన చేపను తనే వెతుక్కుంది. నీలం చొక్కా గుడ్డ, తెల్ల గుండీ కన్ను. దకారం కింద వేలు పెట్టి, కొమ్ము దాకా జరిపి, "దు... ర్గ" అని చదివి, నా వంక చూసి, పళ్ళూడిన నోటితో నవ్వింది. తీసుకెళ్ళి వలలో అన్నిటికన్నా పైన వేసింది.

హెడ్ సారు అటువైపు నుంచి వచ్చి చూసి, "భలే ఉందమ్మా! ఎంఈవో గారొచ్చినప్పుడు చూపిద్దాం," అన్నారు. ఎంఈవో అంటే మండలంలో బళ్ళన్నిటి మీదా పెద్ద ఆఫీసరు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ దుర్గ నాయనమ్మ ఆదెమ్మ వచ్చింది. ఆమెను తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం పాయ అవతలికి వినపడేది. తట్ట గోడవార దించి వరండాలో నిలబడి లోపలికి చూసింది.

"ఏంటియ్యి బూబమ్మా?" అంది. సాయిబుల అమ్మాయినని ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు నన్ను అలాగే పిలిచేవారు.

నేను పొంగిపోతూ చెప్పాను. "చూడు పెద్దమ్మా, ఇదేమో మీ దుర్గ. ఇది రాజు. ఇది వాడి చెల్లెలు. ఇవాళ ఇరవై ఎనిమిది మంది పడ్డారు వలలో!"

ఆదెమ్మ మాట్లాడలేదు. ఆ గొంతు మాట్లాడకపోవడం నేనప్పుడే చూడటం. చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. మునివేళ్ళ మీద లేచి వలలోంచి నీలం చేపను తీసింది. కొంగులో పెట్టి ముడేసుకుంది. అన్నం తింటున్న దుర్గ చెయ్యి కడిగించి, పట్టుకుని వెళ్ళిపోయింది. ఏదో ఇంట్లో పని పడిందనుకున్నాను.

మంగళవారం నా వైపు పదకొండు మంది వచ్చారు. బుధవారం నలుగురు. కిరాణా కొట్టాయన పిల్లలు ఇద్దరు, వంట చేసే కోటమ్మ మనవలు ఇద్దరు. విచిత్రమేంటంటే సారు వైపు పిల్లలందరూ ఉన్నారు. నా వైపు చాపలు ఖాళీ. సారు నవ్వించబోయారు. "మా వైపు గాలి బాగా తగులుతోందేమోనమ్మా," అన్నారు. నవ్వు రాలేదు. తప్పు బడిది కాదు, నాదే అని మాత్రం తెలుస్తోంది. ఏం తప్పో తెలియదు.

పొయ్యి దగ్గరికెళ్ళి కోటమ్మను అడిగాను. ఆమె గంటె అన్నం డేగిసాలోనే వదిలేసి నా వంక వింతగా చూసింది.

"నిజంగా తెలవదా టీచరమ్మా నీకు?"

"తెలిస్తే అడుగుతానా అక్కా?"

"పిల్లకాయల పేర్లు చేపల మీద కుట్టి, వాళ్ళ చేత్తోనే వల్లో ఏయించావు. అయ్యలేమో సముద్రం మీదున్నారు. ఇంక ఏ తల్లి పంపిచ్చుద్దమ్మా? దానికితోడు ఆదెమ్మ కొడుకు బోటు నిన్న రావాల్సింది, రాలేదు."

ఆ వల కూడా ఆ బోటుదే. ఆ రోజు మధ్యాహ్నం పిల్లల చేత ఏం చదివించానో గుర్తు లేదు. నాకు ఆ నమ్మకాలు లేవని సారుతో అన్నాను. అంటూనే మాటిమాటికీ వరండాలోకి వెళ్ళి పాయ వైపు చూస్తున్నాను. సాయంత్రం బస్సెక్కేదాకా బోటు రాలేదు.

గురువారం పొద్దున బోటొచ్చింది. ఇంజను పాడైతే ఇంకో బోటువాళ్ళు తాడేసి నిజాంపట్నం దాకా లాక్కొచ్చారట. అక్కడ బాగుచేయించుకుని వచ్చారు. అందరూ క్షేమం. నేను బస్సు దిగేసరికి కోటమ్మే ఎదురొచ్చి చెప్పింది. నా ఊపిరి నాకొచ్చింది.

ఊపిరితో పాటు తెలివితక్కువ కూడా వచ్చింది. హమ్మయ్య, ఏం కాలేదు, ఇంక వాళ్ళకు నచ్చచెప్పడం తేలిక అనుకున్నాను. బడి వదలగానే ఎండు చేపల దిబ్బ మీదికి నడిచాను. ఇసకలో చాపలు పరిచి ఉన్నాయి. ఆదెమ్మ గొంతుక్కూర్చుని చేపలు తిరగేస్తోంది. ఆమె పక్కన దుర్గ. తలకు తువ్వాలు చుట్టుకుని, పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప ఏరుతోంది. నన్ను చూసి తల దించుకుంది. మూడేళ్ళ కింద లక్ష్మి కూర్చున్నదీ అక్కడే.

"చూశావా పెద్దమ్మా," అన్నాను నవ్వుతూ. "మీ అబ్బాయి చల్లగా వచ్చాడుగా. ఏమీ కాలేదుగా. ఇంక దుర్గను పంపించు."

ఆదెమ్మ చెయ్యి ఆగింది.

"రాకపోతే?" అంది.

"ఆ?"

"ఆడు రాకపోతే, నువ్వొచ్చి ఈ మాట అనేదానివా?"

"మీ నాయన దర్జీ అంటివిగా బూబమ్మా," అంది మెల్లగా, చేపను తిరగేస్తూ. "నీ పేరు కుట్టిన గుడ్డని బల్ల మీద పరిచి కత్తెరాడిచ్చమను. ఆడిచ్చుద్దా ఆయన చెయ్యి? ఏం కాదని నువ్వు చెప్పు. నేను గూడా వచ్చి చెప్తా. ఆడిచ్చుద్దేమో అడుగు."

"పెద్దమ్మా..."

"పో అమ్మా, బస్సెళ్ళిపోద్ది. ఈ పిల్ల ఇంక నాకు సాయంగా ఉంటది. వాళ్ళక్క చదివి ఏం చేసింది, ఇది చదివి ఏం చేసిద్ది."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ముందు కోపమొచ్చింది. తర్వాత అబ్బా గుర్తొచ్చాడు. మా అబ్బా ఖాళీ కత్తెర ఆడించనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు ఊరికే కటకటలాడిస్తే చేతి మీద ఒక్కటిచ్చేవాడు. గుండీ ఊడిందని ఎవరైనా చొక్కా వేసుకునే కొట్టుకొస్తే, ఎంత తొందరలో ఉన్నా సరే, "విప్పి ఇవ్వండి," అనేవాడు. ఒంటి మీదున్న బట్టకు సూది తగిలించేవాడు కాదు. ఓసారి పెళ్ళికొడుకు అన్నే, బయట కారు పెట్టుకుని, "ఏం కాదులే సాయిబూ, కుట్టెయ్," అన్నాడు. అబ్బా చొక్కా విప్పించి, ఆయన్ని బనీనుతో బల్ల మీద కూర్చోపెట్టి మరీ కుట్టాడు. అప్పుడు మేమెవరం దాన్ని నమ్మకమనుకోలేదు. పనంటే అంతే అనుకున్నాం. రోజూ కత్తెర పట్టుకునేవాడికి కత్తెరంటే భయమూ ఉండాలి, భక్తీ ఉండాలి. వల పట్టుకునేవాళ్ళకూ అంతేగా. నేను సూది పట్టుకునే ఇంటిదాన్ని, వల ఇంట్లోకి వెళ్ళి, అడక్కుండా వలతో ఆడాను. రేపల్లె వచ్చేసరికి కోపం దిగిపోయింది, సిగ్గు మిగిలింది.

శుక్రవారం బడికి వెళ్ళగానే మొదట మేకులు పీకి వల దించాను. చేపలన్నీ బుట్టలో వేసుకున్నాను. సారుతో, "ఓ గంట మా నలుగుర్ని కూడా చూసుకోండి సార్," అన్నాను. ఆయన నా మొహం చూసి, "వెళ్ళిరామ్మా," అన్నారంతే.

దిబ్బ మీద ఆదెమ్మ ముందు వల మడిచి పెట్టాను. పక్కన బుట్ట పెట్టాను. ఇసకలో కూర్చున్నాను.

"తప్పు చేశాను పెద్దమ్మా. నాకు తెలవదు. వీటినేం చెయ్యమంటావో చెప్పు. పారెయ్యమంటే పారేస్తాను."

ఆమె చేపలు తిరగేస్తూనే, "ఇప్పుడడిగావు," అంది. "వల తీసుకునేనాడే అడిగుంటే ఇంత దూరం వచ్చేదా?"

"వచ్చేది కాదు."

"అయ్యో, పారెయ్యమంటంది! పిల్లకాయల పేర్లున్నాయి, యాడ పారేస్తావు? నీకు సూదొచ్చుగానీ బుద్ధి రాదు." ఇసకలో చెయ్యి తుడుచుకుని బుట్టలోంచి ఒక చేపను తీసింది. అటూ ఇటూ తిప్పింది. కుట్టు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, మా అబ్బా ఇంకొకరి కుట్టు చూసే చూపు అదే. తోకను రెండు వేళ్ళతో మూసిపట్టి, తోక లేకపోతే ఎలా ఉంటుందో చూసింది.

"ఇది పీకెయ్," అంది. "పీకితే ఇంకేముంది? పడవేగా!"

నేను చూశాను. నిజమే. ఆకులాంటి ఒళ్ళు, కొనదేరిన మూతి. పడవే. నాకంతలో ఇంకోటి తట్టింది. పీకిన తోక మూడు మూలల ముక్క. దాన్ని తీసుకెళ్ళి పైన నిలబెట్టాను.

"తెరచాప!" అంది పక్కనుంచి దుర్గ. సోమవారం తర్వాత ఆ పిల్ల నోటి నుంచి విన్న మొదటి మాట అది.

"మరి ఈ కన్నో? గుండీ తీసెయ్యనా?" అన్నాను.

"కన్నుండనియ్యి. పడవకి కన్ను లేకపోతే దారెట్టా జూసుకుంటది?" అంది ఆదెమ్మ. "చూడు బూబమ్మా. పడవలో పోయినోడు ఇంటికొస్తాడు. వల్లో పడింది ఇంటికి పోదు. అంతే తేడా. పెద్ద తేడా," అంది.

శనివారం మధ్యాహ్నం బడి వరండాలో తల్లులు కూర్చున్నారు. నేను పిలవలేదు. ఆదెమ్మ గొంతే పిలిచింది, ఈ చివరి ఇంటి నుంచి ఆ చివరి ఇంటిదాకా. ఎవరి సూది వాళ్ళు తెచ్చుకున్నారు. పాత చీరలతో బొంతలు కుట్టుకునే చేతులు, వాళ్ళకు తోక విప్పడం, తెరచాప కుట్టడం ఎంత సేపు? కానీ ముందు ఒక చిక్కొచ్చింది. ఎవరి బిడ్డది వాళ్ళే కుడతామన్నారు, ఎవరిది ఏదో తెలియదు. చదువొచ్చినవాళ్ళు ఒకరిద్దరు. "టీచరమ్మా, మావాడిదేది?" "ఇదా? ఈ గీతలన్నీ కలిపితే మా రాజా?" ఒకావిడ కొడుకు పేరు మీద వేలు పెట్టి మూడుసార్లు తడిమి, "ఇంత చిన్న పేరా! నేను పిలిచేటప్పుడు ఎంత పొడుగుంటది!" అంటే అందరూ నవ్వారు. తల్లులు బడి లోపలికొచ్చి, పేర్లు అడిగి, కూర్చోవడం నేను ఆ మూడేళ్ళలో చూడలేదు.

నా కుట్లు నేనే మెచ్చుకున్నాను గానీ, వాళ్ళు వంక పెట్టారు. "దారం ఒంటిపోగు వేసిందమ్మా, మన కాడ గాలికి ఆగదు," అని రెండు పోగులు వేసి బిగించారు.

గోడ మీద ఈసారి ఏం కట్టాలో నేను అనుకోలేదు, అడిగాను. పైన పాత నీలం చీర పరవమన్నారు, నీళ్ళు. కింద పసుపుపచ్చ చీర ముక్క, ఒడ్డు. అప్పుడు ఆదెమ్మ చెప్పింది: "పిల్ల బడికి రాగానే పడవని ఒడ్డున పెట్టాల. రాని పిల్లది నీళ్ళ మీదుంటది. నీళ్ళ మీదున్నదాని కోసం ఒకళ్ళు చూస్తా ఉండాల. ఆ చూసేది నువ్వు."

అన్నీ పూర్తయ్యాయి, ముప్ఫై మూడు. ముప్ఫై నాలుగోది, నీలం చొక్కా గుడ్డది, ఆదెమ్మ కొంగు ముడిలోనే ఉంది. ఆమె దాన్ని తియ్యలేదు. నేను అడగలేదు. ఊరందరి పిల్లల సంగతీ చక్కబెట్టింది గానీ, తన పిల్ల మాట మాత్రం ఎత్తలేదు. సాయంత్రం తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

సోమవారం ముప్ఫై మంది వచ్చారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పడవలు ఒడ్డుకు చేర్చారు. జ్వరాలవీ ఊళ్ళకెళ్ళినవీ మూడు నీళ్ళ మీద ఉన్నాయి. పాఠం మొదలుపెట్టాను. కళ్ళు గుమ్మం మీదే. అరగంటయింది. ముప్పావు గంటయింది. సారు అటునుంచి, "ఎవరికోసమమ్మా?" అన్నారు. "ఒక పడవ రావాలండి," అన్నాను.

అప్పుడు వచ్చారు. ఆదెమ్మ ముందు, దుర్గ వెనక. పిల్లకు తలంటి పోసి, నూనె పెట్టి, రెండు జడలు వేసింది. అందుకే ఆలస్యం. దుర్గ చేతిలో నీలం పడవ. తోక విప్పి, తెరచాప కుట్టి ఉంది. దగ్గర దగ్గరగా, గట్టి కుట్టు. ఇంట్లో దీపం ముందో, దిబ్బ మీద నీడలోనో, ఆదెమ్మ తనే కుట్టింది.

"దీని పేరేదో నాకు చూపిచ్చు," అంది ఆదెమ్మ.

నేను చూపించబోతే దుర్గే నాయనమ్మ వేలు పట్టుకుని దకారం కింద పెట్టింది. కొమ్ము దాకా జరిపింది. "ఇది దు. ఇది ర్గ. అంతే నాయనమ్మా."

"అంతేనా!" అంది ఆమె. "సరే, పెట్టు ఒడ్డున."

దుర్గ నా దగ్గర ఐదో తరగతి దాకా ఉంది. పై తరగతికొచ్చినా, సారు వైపు కూర్చున్నా, పొద్దున్నే వచ్చి తన పడవను మాత్రం నా గోడ మీదే పెట్టేది. తర్వాత హైస్కూలుకు పోయింది. సాయంత్రాలూ సెలవు రోజులూ దిబ్బ మీద నాయనమ్మకు సాయం చేసేది, దానికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత నేను ఇంకో రెండు బళ్ళల్లో చేశాను. ఏటి మధ్య లంక ఊళ్ళ బడికి వెళ్ళినప్పుడు అరటి గెలల బొమ్మ అనుకున్నాను, ముందు వెళ్ళి ఓ పెద్దావిడను అడిగాను. "గెలలో పేర్లెందుకమ్మా, గెల కోసేస్తారుగా. పిలకల మీద రాయి," అంది. అలాగే చేశాను. జూన్‌లో గోడ మీద మేకు కొట్టే ముందు ఆ ఊళ్ళో చేత్తో పని చేసే పెద్దవాళ్ళను ఒక్క మాట అడగాలని నాకు ట్రైనింగులో చెప్పలేదు, ఎండు చేపల దిబ్బ మీద చెప్పారు. ఇంకోటి కూడా అక్కడే నేర్చుకున్నాను. రిజిస్టర్లో రాని పిల్లకు ఒక గీత పెట్టి ఊరుకుంటాం. ఆ గీత నాకప్పటి నుంచీ నీళ్ళ మీద పడవలాగే కనపడుతుంది. సాయంత్రం వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి చూసి గానీ బస్సెక్కను.

ఆ పడవలు కట్టిన ఏడే ఆగస్టులో ఒకరోజు జోరున వాన. పిల్లలే సగం రాలేదు. మధ్యాహ్నం చూస్తే, నెత్తిన గోనెసంచి కప్పుకుని, మోకాలి దాకా బురదతో ఆదెమ్మ వరండాలో నిలబడి ఉంది. కంగారుపడి లేచాను.

"ఏం లేదులే, కూర్చో," అంది గోడ వంక చూస్తూ. "పిల్లకి ఒళ్ళు వెచ్చబడింది. పంపలా. దాని పడవని నీళ్ళ మీదే ఉండనియ్యి, తియ్యబాకు. రేపో ఎల్లుండో ఒడ్డుకొచ్చిద్ది."